సరుగుడు తోట వేయాలనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు సముద్రం పక్కన ఇసుక నేల ఉన్న రైతుకు, త్వరగా చేతికొచ్చే చెట్టు ఏదంటే ముందుగా తట్టే పేరు సరుగుడు. కొన్నిచోట్ల సరివి అంటారు, కొన్నిచోట్ల సర్వి అంటారు. మూడు నుంచి ఐదేళ్లలో కోతకొస్తుంది, ఉప్పుగాలిని తట్టుకుంటుంది, ఎరువు పెద్దగా అడగదు. అయినా తమ నేలకు సరిపడని చెట్టు వేసి కొందరు, సరిపడే చెట్టునే కిక్కిరిసి వేసి మరికొందరు నష్టపోతూనే ఉన్నారు. మొక్క కొనకముందే తేల్చుకోవలసిన సంగతులను ఇక్కడ ప్రశ్నలుగా రాశాను. ప్రధానంగా సరుగుడు గురించే చెప్పినా, అవసరమైన చోట జామాయిల్, సుబాబుల్, మలబారు వేపల ప్రస్తావన కూడా ఉంటుంది.

సరుగుడు మన చెట్టేనా?

మన ప్రధాన భూభాగానికి చెందినది కాదు. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా ఉత్తర తీరం, ఆగ్నేయాసియా, పసిఫిక్ దీవులు. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, రైలింజన్లకు కట్టెల కోసం మన తీరాల్లో పెద్దఎత్తున నాటడం మొదలైంది. దీని కట్టె పచ్చిగా ఉన్నా మండుతుంది. వంటచెరకుగా అంత పేరు రావడానికి కారణం అదే.

చూడటానికి పైన్ చెట్టులా ఉన్నా ఆ కుటుంబం కాదు. మనం సూదుల్లాంటి ఆకులు అనుకునేవి నిజానికి సన్నని పచ్చటి కొమ్మలు. ఒకటి తెంపి రెండు చివరలా పట్టుకుని లాగితే కణుపు దగ్గర పుటుక్కున ఊడివస్తుంది. ఊడిన చోట కంటికి ఆనీ ఆననంత చిన్న పొలుసులు వలయంగా కనిపిస్తాయి. అసలు ఆకులు అవే. ఆకు ఇంతగా కుంచించుకుపోవడం వల్లే ఎండకు, ఉప్పుగాలికి ఈ చెట్టు తట్టుకుంటుంది.

మా నేలలో వస్తుందా?

ఇసుక నేల, ఇసుక కలిసిన గరప నేల, నీరు ఇంకే ఎర్రనేల అయితే వస్తుంది. కొద్దిపాటి ఉప్పును కూడా భరిస్తుంది. ఓర్చుకోలేనిది నిలిచిన నీటిని. వర్షాకాలంలో వారాల తరబడి నీరు నిలిచే నల్లరేగడిలో మొక్క బతికినా ఎదగదు, ఎదిగినా వేరుకుళ్లు పట్టుకుంటుంది.

మట్టి పరీక్ష చేయిస్తే మంచిదే. అంతకంటే ముందు ఇంటి దగ్గరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. పొలంలో బాగా పల్లంగా ఉన్న చోట మూడడుగుల గొయ్యి తవ్వి నిండా నీళ్లు పోయండి. మర్నాడు ఉదయానికి కూడా నీళ్లు నిలిచే ఉంటే ఆ చెలకలో సరుగుడు ఆలోచన మానుకోవడం మేలు. గొయ్యి తవ్వేటప్పుడే అడుగున గట్టి సుద్ద పొరగానీ రాతి పొరగానీ తగిలిందా అన్నది కూడా చూసుకోండి. పైన రెండడుగుల ఇసుక, కింద గట్టి పొర ఉన్న నేలల్లో తోట మొదటి ఏడాది ఊరిస్తుంది, రెండో ఏడాది ఆగిపోతుంది.

సరుగుడు, జామాయిల్, సుబాబుల్, మలబారు వేపల్లో ఏది మంచిది?

ఈ ప్రశ్నకు నేల చూడకుండా జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి.

ఇసుక నేల, సముద్రపు గాలి ఉంటే సరుగుడుకు పోటీ లేదు. మెట్ట ప్రాంతపు ఎర్రనేలల్లో, నీటి వసతి అంతంతమాత్రంగా ఉన్న చోట జామాయిల్ క్లోన్లు (గింజ నుంచి కాకుండా, ఒకే తల్లి చెట్టు కొమ్మల నుంచి పెంచిన మొక్కలు) నిలదొక్కుకుంటాయి. భద్రాచలం దగ్గరి సారపాక కాగితపు మిల్లు అభివృద్ధి చేసిన క్లోన్లు రెండు రాష్ట్రాల్లోనూ పాకడానికి కారణం ఇదే. జామాయిల్‌కు ఇంకో సుగుణం, నరికితే మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి ఒకసారి నాటి రెండు మూడు కోతలు తీసుకోవచ్చు. లోపం ఏమిటంటే, ఇది నేలకు నత్రజనిని ఇవ్వదు. పక్క పంటను కూడా సరిగ్గా ఎదగనివ్వదు.

సుబాబుల్ కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టల్లో బాగా అలవాటైన చెట్టు. నత్రజనిని స్థిరీకరిస్తుంది, ఆకు పశువులకు మేతగా పనికొస్తుంది. అయితే ఆకులో మిమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది కాబట్టి మేతలో అది కొంత భాగమే ఉండాలి, దాన్నే మేపకూడదు. కాయలు విపరీతంగా కాసి గింజలు రాల్చుతుంది. వాగు పక్కన, అడవి అంచున వేస్తే నాలుగేళ్లకు అది మీ చేతిలో ఉండదు.

మలబారు వేప ప్లైవుడ్ పరిశ్రమకు కావలసిన చెట్టు. లావుగా, నిటారుగా, ముడులు లేకుండా పెరిగితేనే దానికి విలువ. అందుకు ఆరేడేళ్లు పడుతుంది, నీరు ఇంకే లోతైన నేల, మొదటి రెండేళ్లు క్రమం తప్పని తడి కావాలి. పక్క మొగ్గలను లేతగా ఉన్నప్పుడే గిల్లేస్తూ ఉండాలి. కలప మెత్తన కనుక తీరప్రాంతపు గాలులకు విరిగే ప్రమాదం ఎక్కువ. చుట్టుపక్కల ప్లైవుడ్ మిల్లు లేకపోతే వేయడానికి తొందరపడకండి. ఎంత మంచి దుంగ అయినా లారీ బాడుగ మింగేస్తుంది.

విత్తనపు మొక్కలు కొనాలా, క్లోన్ మొక్కలా?

చేతిలో డబ్బుంటే క్లోన్లే. తోటంతా ఒకే ఎత్తున, ఒకే లావున పెరుగుతుంది, కోతకు ఒకేసారి వస్తుంది. విత్తనపు తోటలో ఇరవై అడుగుల చెట్టు పక్కన పదడుగుల చెట్టు ఉంటుంది, ఆ పొట్టిది చివరిదాకా నీడలోనే మగ్గిపోతుంది.

కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర, వృక్ష ప్రజనన సంస్థ సరుగుడులో సంకర రకాలను రూపొందించి విడుదల చేసింది. సీహెచ్1, సీహెచ్2, సీహెచ్5 అనే పేర్లు నర్సరీల్లో వినిపిస్తాయి. మన తీరాల్లో పాతుకుపోయిన సరుగుడును, ఇండోనేషియాకు చెందిన జుంగ్‌హూనియానా అనే మరో జాతితో కలిపి వీటిని తయారుచేశారు. ఆ రెండో జాతి మెట్ట పరిస్థితులకు బాగా తట్టుకుంటుంది.

ఒక హెచ్చరిక. పదెకరాల్లో ఒకే క్లోన్ వేయకండి. ఒక తెగులు ఆ క్లోన్‌కు పడిందంటే తోటలో అది సోకని చెట్టంటూ మిగలదు. జామాయిల్ తోటలను బొడిపె కందిరీగ దెబ్బతీసినప్పుడు, దానికి లొంగే క్లోన్ ఒక్కటే వేసుకున్నవారే ఎక్కువగా నష్టపోయారు. రెండు మూడు రకాలను పట్టీలుగా వేసుకోండి. కొనేటప్పుడు ఏ క్లోన్, ఎక్కడి తల్లి మొక్క అని రాతపూర్వకంగా అడగండి. చెప్పలేని నర్సరీ నుంచి క్లోన్ ధర పెట్టి కొనవద్దు.

నారు సొంతంగా పోసుకోవచ్చా?

తప్పకుండా. చాలా ఊళ్లలో రైతులు ఎత్తు మడుల మీద నారు పోసి, వేళ్లకు మట్టి లేకుండా కట్టలు కట్టి అమ్ముతూనే ఉన్నారు. ఆడ చెట్టు కాయలు గోధుమ రంగుకు తిరిగాక, పగలకముందే కోసి, గుడ్డ మీద నీడపట్టున ఆరబెడితే రెక్కలున్న చిన్న గింజలు రాలతాయి. మీ ఊళ్లో అందరికంటే నిటారుగా, లావుగా పెరిగిన చెట్ల నుంచే కాయలు కోయండి. చేతికి అందుతుంది కదా అని వంకర చెట్టు కాయలు కోస్తే వంకర నారే వస్తుంది.

గింజ చల్లిన రోజు నుంచే చీమలకు పండగ. సరుగుడు గింజను చీమలు వరస కట్టి మోసుకుపోతాయి. సాయంత్రం చల్లిన మడిలో ఉదయానికి సగం గింజలు కనపడకపోవచ్చు. మడి చుట్టూ చీమల మందు చల్లడం, గింజ మీద పలుచగా ఇసుక కప్పి గడ్డి పరచడం రెండూ చేయాలి. నీళ్లు రోజ్‌క్యాన్‌తోనే పోయాలి. పైపుతో పోస్తే గింజలన్నీ మడి చివరకు కొట్టుకుపోతాయి.

వేళ్లకు బొడిపెలు ఉన్నాయి, అది తెగులా?

కాదు, ఆ బొడిపెలు లేకపోతేనే దిగులుపడాలి.

వేరుశనగ, మినుముల వేళ్ల మీద రైజోబియం బుడిపెలు ఉంటాయి కదా. సరుగుడు వేళ్ల మీద ఆ పని చేసేది ఫ్రాంకియా అనే మరో రకం సూక్ష్మజీవి. గాలిలోని నత్రజనిని పట్టి చెట్టుకు ఇస్తుంది. అందువల్లే వట్టి ఇసుకలో కూడా సరుగుడు పచ్చగా ఎదుగుతుంది. బాగా ఉన్న తోటలో ఒక మొక్క మొదట్లో జానెడు లోతు మట్టి తీసి చూస్తే, గోధుమ రంగు బొడిపెలు చిన్న అల్లం కొమ్ముల్లా గుత్తులు కట్టి కనిపిస్తాయి. ముదురు తోటలో ఒక్కో గుత్తి గుప్పెడంత ఉంటుంది.

ఇంతకు మునుపు సరుగుడు లేని నేలలో ఫ్రాంకియా ఉండకపోవచ్చు. అలాంటి చోట మొక్క లేత పసుపు రంగులో ఆగిపోతుంది, రైతు యూరియా వేస్తాడు. యూరియాతో తాత్కాలికంగా పచ్చబడుతుంది, కానీ బయటి నుంచి నత్రజని ఎక్కువగా అందినకొద్దీ బొడిపెలు కట్టడం తగ్గుతుంది. చేయవలసింది ఇది: ఆరోగ్యంగా ఉన్న పాత తోటలో చెట్టు కింది మట్టిని, కొన్ని తాజా బొడిపెలను తెచ్చి, బొడిపెలను దంచి నీళ్లలో కలిపి నారుమడిలో పోయాలి, మట్టిని మడిలో కలపాలి. తెగులున్న తోట నుంచి మాత్రం గుప్పెడు మట్టి కూడా తేకూడదు. రసాయన ఎరువుల్లో సరుగుడుకు ఎక్కువగా ఉపయోగపడేది భాస్వరం. నాటేటప్పుడు గుంతలో కొంచెం సూపర్ ఫాస్ఫేట్, బాగా మాగిన పశువుల ఎరువు వేస్తే చాలు.

మొక్కల మధ్య ఎంత దూరం ఉండాలి?

నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతుంది. మీటరుకో మొక్క చొప్పున వేస్తే ఎకరాకు 4,000 పైచిలుకు పడతాయి. ఒకటిన్నర మీటర్ల దూరంలో వేస్తే సుమారు 1,800. రెండు మీటర్లయితే వెయ్యి. ఎక్కువ మొక్కలు వేస్తే ఎక్కువ కట్టె వస్తుందన్న లెక్క మొదటి ఏడాదిన్నర వరకే నిజం. ఆ తరువాత కొమ్మలు కలుసుకుంటాయి, కిందివి ఎండిపోతాయి, చెట్లు వెలుగు కోసం పైకి సాగుతాయే తప్ప లావెక్కవు. కాగితపు మిల్లువాళ్లు గానీ, సెంట్రింగ్ బాదులు (స్లాబు పోసేటప్పుడు కింద ఆసరాగా నిలిపే కర్రలు) కొనేవాళ్లు గానీ కనీసపు చుట్టుకొలత అడుగుతారు. అంతకు తక్కువున్నది వంటచెరకు ధరకే పోతుంది.

క్లోన్ మొక్క అయితే ఒకటిన్నర మీటర్ల కంటే దగ్గరగా వేయవద్దని నా గట్టి సలహా. మొక్క ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది, గాలి ఆడుతుంది, తెగులు తక్కువగా పడుతుంది, మొదటి ఏడాది మధ్యలో ఒక పంట తీసుకోవచ్చు.

ఎప్పుడు నాటాలి? నీళ్లు ఎన్నాళ్లు పెట్టాలి?

గోదావరికి ఉత్తరాన జూన్, జులై వానలు పట్టాక. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఈశాన్య రుతుపవనాల వానలే పెద్దవి కాబట్టి అక్టోబరు, నవంబరు. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత చాలు. ఇసుక నేలలో నారు మొక్కను మడిలో ఉన్నప్పటి కంటే రెండు మూడంగుళాలు లోతుగా పెడితే పైపొర ఎండినా వేరుకు తడి అందుతుంది.

మొదటి వేసవి గట్టెక్కించాలి. ఆ నాలుగు నెలలు వారానికోసారైనా తడి ఇవ్వగలిగితే మిగతాది చెట్టే చూసుకుంటుంది. సముద్రం దగ్గర నేల అడుగున తీపినీరు పలుచటి పొరగా ఉంటుంది, దాని కింద ఉప్పునీరు. లోతు బోరు వేసి గంటల తరబడి తోడితే ఆ ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. అలాంటి చోట్ల లోతు తక్కువగా తవ్విన దొరువు, బిందెనీళ్లు, బిందు సేద్యం మేలు.

మధ్యలో వేరే పంట వేసుకోవచ్చా?

మొదటి ఏడాది నిశ్చింతగా వేసుకోవచ్చు. వేరుశనగ, మినుము, నువ్వు, పుచ్చ ఇసుక నేలలకు నప్పుతాయి. పుచ్చకు పెట్టే తడే సరుగుడుకు కూడా అందుతుంది. రెండో ఏడాది నీడ కమ్ముకుంటుంది కాబట్టి ఆశపడవద్దు. పక్క రైతు పొలం వైపు గట్టు వెంట రెండడుగుల లోతు కందకం తీయండి. మీ చెట్ల వేళ్లు ఆయన పంటలోకి పాకవు, మాట పట్టింపులూ రావు.

కొమ్మలు నరకాలా?

బాదుల కోసమైతే నరకాలి, కాగితపు గుజ్జు కోసమే అయితే అంత అవసరం లేదు. ఏడాది దాటాక చెట్టు ఎత్తులో కింది మూడో వంతు వరకే, కాండానికి ఆనించి పదునైన కత్తితో తీయాలి. తొందరపడి పైదాకా గొరిగేస్తే ఆహారం తయారుచేసే పచ్చదనమే పోతుంది, చెట్టు ఆరు నెలలు వెనకబడుతుంది. గాయాలు తెగులుకు దారి ఇస్తాయి కాబట్టి వానల్లో ఈ పని పెట్టుకోవద్దు.

చెట్లు ఉన్నట్టుండి ఎండిపోతున్నాయి, కారణం ఏమిటి?

బెరడు మీద బొబ్బలు లేచాయేమో చూడండి. వేలితో నొక్కితే పగిలి నల్లటి పొడి అంటుకుంటే అది బొబ్బ తెగులు. ఒక శిలీంధ్రం వల్ల వస్తుంది, ఆ పొడే దాని బీజాలు. సరుగుడుకు ఇంతకు మించిన శత్రువు లేదు. సోకిన చెట్టుకు చికిత్స చేయాలని చూడకండి. మోడుతో సహా పెకలించి అక్కడే కాల్చేయండి. ఆ చెట్టు చుట్టూ కందకం తీసి, పారుదల నీరు అక్కడి నుంచి మిగతా తోటలోకి పోకుండా ఆపండి. కిక్కిరిసిన తోటల్లో, నీరెద్దడికి లోనైన తోటల్లో, కత్తి గాయాలున్న చెట్లకు ఇది ముందుగా పడుతుంది.

కాండం మీద రంపపు పొట్టు, పట్టు దారం కలిసిన గోధుమ రంగు చారలు కనిపిస్తే బెరడు తినే పురుగు. చార మొదట్లో కన్నం ఉంటుంది. పగలు పురుగు అందులోనే దాక్కుంటుంది. చారను తుడిచేసి కన్నంలోకి సన్నని ఇనుప తీగ దూర్చితే చాలావరకు వదిలిపోతుంది. మందు కొనడానికి ముందు ఈ పని చేయండి.

ఎప్పుడు కొట్టాలి? ఎకరాకు ఎన్ని టన్నులు వస్తాయి?

ఎకరాకు ఇన్ని టన్నులని ఎవరైనా ఫోనులో చెబితే అది మీ తోట లెక్క కాదు. మీ లెక్క మీరే వేసుకోవచ్చు. తోటలో సన్నవి, మధ్యరకం, లావువి కలిపి పది చెట్లు ఎంచుకోండి. కొట్టి, కొమ్మలు తీసేసి, తూకం వేయండి. సగటును బతికున్న చెట్ల సంఖ్యతో గుణించండి. సగటు చెట్టు 20 కిలోలు తూగి, ఎకరాలో 1,600 చెట్లు ఉంటే 32 టన్నులు. వ్యాపారి తోటను గుత్తగా అడిగినప్పుడు ఈ అంకె మీ చేతిలో ఉండాలి. లేకపోతే ఆయన చెప్పిందే ధర.

ఏటా ఒకే నెలలో కొన్ని చెట్లకు ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తీసి పుస్తకంలో రాసుకుంటూ ఉండండి. పెరుగుదల బాగా ఉన్నంత కాలం ఉంచడమే లాభం, మందగించిందంటే కోతకు వచ్చినట్టు. మామూలుగా ఇది మూడు నుంచి ఐదేళ్ల మధ్య వస్తుంది. ధర పడిపోతే సరుగుడును ఏడాది ఆపుకోవచ్చు. మిరప రైతుకూ టమాటా రైతుకూ లేని వెసులుబాటు ఇది. అప్పు వాయిదాలు మాత్రం దీనికి ముడిపెట్టకుండా చూసుకోవాలి, లేకపోతే ఆ వెసులుబాటు ఉండీ లేనట్టే.

బేరం కుదిరే ముందు కొన్ని సంగతులు తేల్చుకోండి. తూకం ఏ కాటాలో, చెక్కు తీసిన కట్టెకా తీయనిదానికా, నరుకుడు, లారీకి ఎత్తే ఖర్చులు ఎవరివి. నరికిన కట్టె రోజురోజుకూ ఆరి బరువు తగ్గుతుంది. టన్ను లెక్కన అమ్మేటప్పుడు లారీ రావడం నాలుగు రోజులు ఆలస్యమైతే ఆ నష్టం మీదే. బాదులకు పనికొచ్చే నిటారు చెట్లను విడిగా ఏరి అమ్మండి. పట్టణాల్లో స్లాబు పనులకు ఇప్పటికీ వాటికి గిరాకీ ఉంది. మోడు, వేరుమొద్దు వంటచెరకుగా పోతాయి.

నరకడానికి అనుమతి కావాలా?

చెట్లు నరకడం, తరలించడం మీద వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం (2002), అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు వర్తిస్తాయి. తోటగా పెంచే సరుగుడు, జామాయిల్‌ల విషయంలో టేకు, ఎర్రచందనం అంత కఠినంగా ఉండవు. అయినా తోట వేసిన ఏడాదే అడంగల్‌లోనో పహాణీలోనో నమోదు చేయించుకుని, కోతకు ముందు అటవీ రేంజి కార్యాలయంలో ఒకసారి అడిగి లారీ ఎక్కించండి.

నరికాక మళ్లీ చిగురిస్తుందా?

మామూలు సరుగుడు చిగురించదు. చిగురించినా నమ్ముకోదగినంతగా ఉండదు, మళ్లీ నాటాల్సిందే. వెంటనే సరుగుడే వేయకుండా ఒకటి రెండు పంటకాలాలు వేరుశనగో అపరాలో వేస్తే నేల తేరుకుంటుంది. రాలిన సూదిపొరను మొత్తం ఊడ్చి అమ్ముకునే అలవాటు చాలా చోట్ల ఉంది. నేలకు తిరిగి రావలసిన పోషకాలు అందులోనే ఎక్కువ, కలపలో తక్కువ. కనీసం సగమైనా తోటలోనే వదలండి. వేసవిలో మాత్రం ఆ పొర చప్పున అంటుకుంటుంది కాబట్టి తోట చుట్టూ రెండు బారల వెడల్పున శుభ్రంగా చెక్కి ఉంచాలి.

సరుగుడు తోటలు తుపానును ఆపుతాయా?

తుపానును ఏ చెట్టూ ఆపదు. గాలి విసురును తగ్గించగలదు. ఆ తగ్గింపు విలువ కోస్తాలో పుట్టినవాళ్లకు తెలుసు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచేసిన తరువాత మన తీరం వెంట సరుగుడు రక్షణ వనాలు పెంచే పని ఊపందుకుంది. గాలికి అడ్డంగా నాటిన చెట్ల వరస, తన ఎత్తుకు పది నుంచి ఇరవై రెట్ల దూరం వరకు వెనుక ఉన్న పొలానికి, ఇళ్లకు గాలి తీవ్రతను తగ్గిస్తుంది. నలభై అడుగుల చెట్లయితే నాలుగు వందల అడుగులకు తక్కువ కాకుండా. ఈ లెక్క పనిచేయాలంటే వనం మరీ చిక్కగా ఉండకూడదు. గాలి పూర్తిగా అడ్డుపడితే పైనుంచి ఎగిరి వెనుక సుడి తిరుగుతూ పడుతుంది, సగం గాలి వడకట్టుకుని పోయేలా ఉంటేనే వెనుక ప్రశాంతంగా ఉంటుంది. అందుకే రక్షణ వనంలో చెట్లను అమ్మకపు తోటలో వేసినంత దగ్గరగా వేయరు. మధ్యలో ఒక్క దారి వదిలినా గాలి ఆ సందులోంచి మరింత జోరుగా దూసుకొస్తుంది కాబట్టి సముద్రానికి వెళ్లే బాట ఏటవాలుగా ఉండాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు అన్ని రకాల చెట్లూ లెక్కలేనన్ని కూలాయి. అంత గాలికి నిలబడటం ఏ జాతికైనా కష్టమే. సముద్రం వైపు మొదటి వరసల్లో కొన్ని పడిపోయినా వనం తన పని చేసినట్టే అని గుర్తించి, పడినవాటి స్థానంలో ఆ ఏడాదే మళ్లీ నాటాలి. నాటకపోతే తరువాతి తుపానుకు ఆ ఖాళీయే దారి అవుతుంది.

ఇసుక తీరానికి సరుగుడు, బురద తీరానికి మడ అడవి. నది సముద్రంలో కలిసే చోట, కోరింగలోలా, నీటి పోటును తట్టుకునేది మడ చెట్లే. అలాంటి చోట మడను కొట్టి సరుగుడు వేయడం కంటే పెద్ద పొరపాటు లేదు.

అయితే తీరమంతా సరుగుడు నాటేయవచ్చు కదా?

వద్దు. ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్ వాటికి పేరున్న చోటు. పోటు గీత దాటాక వాటికి చెట్లు లేని ఇసుక కావాలి. గీత దాకా సరుగుడు నాటితే తాబేలు వేళ్ల మధ్య గొయ్యి తవ్వలేక వెనుదిరుగుతుంది. చిక్కటి సూదిపొర కింద ఇసుక మీద పాకే సహజ మొక్కలు కూడా మొలవవు. నిజానికి ఇసుక దిబ్బను కట్టి ఉంచేది ముందుగా అవే, బాలబంద తీగ, రావణాసురుని మీసాలు. సముద్రం ముందు వరసను వాటికే వదలండి. వాటి వెనుక మొగలి, పొన్న, తాటి, ఆ వెనుక సరుగుడు, జీడిమామిడి. ఇలా మెట్లుగా పెంచిన తీరం ఒకే జాతి వనం కంటే గట్టిగా నిలుస్తుంది.

పర్యావరణానికి దీనివల్ల నిజంగా మేలుందా?

ఉంది, హద్దులతో. ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బన్. ఒక టన్ను ఎండు కలప సుమారు 1.8 టన్నుల బొగ్గుపులుసు వాయువును పట్టి ఉంచినట్టు లెక్క. ఆ కలప కాగితమైతే కొద్ది కాలంలోనే మళ్లీ గాలిలో కలుస్తుంది, దూలమో తలుపో అయితే దశాబ్దాలు నిలుస్తుంది. రైతు పొలంలో పెరిగిన ప్రతి టన్ను కట్టె అడవి మీద అంత భారాన్ని తగ్గిస్తుంది. పెద్ద మేలు అదేనని నా నమ్మకం.

కానీ తోట అడవి కాదు. నాలుగేళ్లకోసారి నరికే ఒకే జాతి చెట్ల కింద పిట్టలూ పురుగులూ అంతగా చేరవు. వేగంగా పెరిగే చెట్టు నీరు కూడా ఎక్కువే తాగుతుంది. ఐదెకరాలు సరుగుడు వేసేవారు గట్ల మీద, మూలల్లో కానుగ, నేరేడు, వేప, చింత నాటి వాటి జోలికి పోకుండా వదిలేస్తే ఈ లోటు కొంత తీరుతుంది.

ఎకరాకు కోట్లు వస్తాయనే మొక్కల ప్రకటనలు నమ్మవచ్చా?

1990ల్లో టేకు మొక్కల పేరుతో డబ్బు సేకరించిన కంపెనీలు దేశమంతటా ఎంతమందిని ముంచాయో పెద్దవాళ్లను అడగండి. చెట్టు మారుతుంది, మాట మారదు. ఇప్పుడు ఎర్రచందనం, శ్రీగంధం, అగరు వంతు. మొక్క అమ్మేవాడే రాబడి లెక్క కూడా చెబుతుంటే, తిరిగి కొంటానని స్టాంపు కాగితం మీద రాసినా, పదిహేనేళ్ల తరువాత ఆ కంపెనీ ఉంటుందా అన్నదే ప్రశ్న. ఈ రోజు మీ జిల్లాలో ఆ కలపను కొంటున్నవాళ్లు ఎవరు, ఏ ధరకు, అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే దండం పెట్టి వచ్చేయండి.

కోనోకార్పస్, సర్కారు తుమ్మ కూడా త్వరగా పెరుగుతాయి కదా?

పెరుగుతాయి, వేయవద్దు. సర్కారు తుమ్మ చెరువులను, బీళ్లను ఎలా ఆక్రమించిందో మన కళ్ల ముందే ఉంది. కోనోకార్పస్‌ను గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. త్వరగా పెరగడం ఒక్కటే చూసి చెట్టును ఎంచుకోకూడదు.

నాకు అరెకరమే ఉంది, తోట వేసేంత స్థలం లేదు. ఏం చేయాలి?

అరెకరంలో ఉన్న పంట తీసేసి సరుగుడు వేయకండి, గట్టు మీద వేయండి. ముఖ్యంగా అరటి ఉంటే. గాలి వచ్చే వైపు గట్టు వెంట రెండు వరసలు, మీటరున్నర ఎడంతో, ఒక వరస మొక్కకు రెండో వరస సందు ఎదురయ్యేలా నాటండి. కోయంబత్తూరు సంస్థ ఇలాంటి గాలి అడ్డుకట్టల కోసమే తగిన క్లోన్లను ఎంపిక చేసింది. అరటి మొక్కలతోపాటే నాటితే గెల వేసే నాటికి చెట్లు అరటి ఎత్తు దాటతాయి. చెట్లకూ మొదటి అరటి వరసకూ మధ్య కందకం తీయండి. నాలుగో ఏట రెండు వరసలనూ ఒకేసారి కొట్టవద్దు. బయటి వరస కొట్టి, అక్కడ కొత్త మొక్కలు పెట్టి, అవి తలెత్తాకే లోపలి వరసకు చేయి వేయండి.